ఎండ ఉన్నంతసేపూ

మిషను గది నుంచి,
మిట్టమధ్యాహ్నం

ఏరా పంపుహౌసు దొరగారూ,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడదామని కలం తీశాను. మీ అక్క మంచం మీద నుంచి చూసి, "మొదటి మాటే అబద్ధమా?" అంది. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కాలిన రోజు ఊరంతా వచ్చి చూసింది, ఆ తర్వాత దాని మొహం చూసిన నాథుడు లేడు. దీపాల సంగతి వదిలెయ్, కొవ్వొత్తులతో నెట్టుకొస్తాం. ఫ్యాను లేకపోవడమే ప్రాణం మీదికొచ్చింది. ఈ రేకుల గది పగలు ఎలా కాలుతుందో నీకు తెలుసు. మీ అక్క పడుకుంటే ఊపిరి అందదు, కూచుంటే నడుము నిలవదు. మొహానికి గాలి తగులుతుంటే మాత్రం కాస్త తెరిపిన పడుతుంది. డాక్టరు కూడా అదే అన్నాడు. "ఊపిరితిత్తులు ఇక బాగుపడవయ్యా, మొహం మీద గాలి ఆడేలా చూసుకో, ఆయాసం అంతగా తెలియదు" అన్నాడు. పలుగురాయి మిల్లులో మీ అక్క ఏళ్ళ తరబడి పిండి సంచులకెత్తినందుకు మనకు దక్కింది ఇదీ.

ఇప్పుడు నేనే ఫ్యానుని. చొక్కా కొలతల అట్ట ఒకటి పట్టుకుని విసురుతూ కూచుంటాను. ఒక చేత్తో విసరడం, ఒక చేత్తో కుట్టడం. మొన్న ఒకాయన చొక్కాకి రెండూ ఎడం చేతులే కుట్టి ఇచ్చాను. ఆయన తొడుక్కుని చూసుకుని నన్నో చూపు చూశాడు, ఇంక ఈ జన్మలో మన గడప తొక్కడు. మీ అక్క నవ్వబోయి దగ్గులో పడింది. ఆ దగ్గు వినగానే గోడ అవతల నుంచి పక్కింటి పిన్ని, "అమ్మాయ్, మంచినీళ్ళు తాగవే!" అని మామూలుగా ఒక కేక. రోజుకెన్నిసార్లు దగ్గితే అన్ని కేకలు. ఆవిడ గొంతు పడిపోతుందేమోనని నాకు బెంగ.

ఒరేయ్, నువ్వు మోటార్లు చుట్టినవాడివి. ఎండతో నడిచే ఫ్యాను ఏదో ఉంటుందట కదా. ఎండకి మాత్రం ఇక్కడ కరువు లేదు. ఇంట్లో నా చేతులతో చేసుకునేది ఏదైనా ఉంటే చెప్పు. నాకు తెలిసిన మిషను కాలితో తొక్కేది ఒక్కటే, అది దృష్టిలో పెట్టుకుని చెప్పు.

మీ అక్క ఒక మాట రాయమంటోంది. "వాడు నీళ్ళ పక్కన, గాలి మంచి చోట ఉన్నాడు, నాకదే చాలు. నా నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు గుర్తుందో లేదో అడగండి" అంటోంది. పొడి మిల్లు గేటు దాటనని వేసిన ఒట్టు. గుర్తుందని ఒక ముక్క రాసి పడెయ్, లేకపోతే నన్ను నమిలేస్తుంది.

మీ బావ

*

పంపుహౌసు,
గట్టు మీద గది

రెండెడమచేతుల బావా,

ఆ చొక్కా సంగతి చదివి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే పక్కవాళ్ళు నాకేదో పట్టిందనుకున్నారు. అక్కని నీకిచ్చినప్పుడే అనుకున్నాను, ఈయన కొలతలు ఎక్కడో తేడా కొడతాయని.

అక్కతో చెప్పు, ఒట్టు గుర్తుంది. ఇక్కడ నాకేం కష్టం? రెండు మోటార్లు ఆన్ చెయ్యడం, నీళ్ళ మీద నుంచి వచ్చే గాలికి కునుకు తియ్యడం, మళ్ళీ మోటార్లు ఆపడం. నీటిబాతులు కూడా ఉన్నాయి. సిగ్నలు మాత్రం గగనం, అందుకే ఫోన్ చెయ్యలేను. ఏదున్నా ఉత్తరమే రాయి, లారీ వెళ్ళేటప్పుడు డ్రైవరు హారన్ అన్నకిస్తే తెచ్చేస్తాడు.

నువ్వడిగింది బ్రహ్మవిద్యేం కాదు. ఈ లారీలోనే ఒక పాత సోలార్ పలక పంపిస్తున్నాను. ఇక్కడ కప్పు మీద వాడకుండా పడుంది, అడిగి తీసుకున్నాను. హారన్ అన్న తన క్యాబిన్లో పెట్టుకునే చిన్న ఫ్యాను ఇస్తానన్నాడు. అంతే, ఈ రెండే నీ యంత్రం. పలకని రేకుల మీద పెట్టు. మధ్యాహ్నపు ఎండ మొహాన కొట్టేటట్టు కాస్త ఏటవాలుగా పెట్టి, జారకుండా నాలుగు వైపులా ఇటుకలు ఆనించు. పలక నుంచి రెండు వైర్లు వస్తాయి, ఎర్రది ఒకటి, నల్లది ఒకటి. ఫ్యానుకీ అంతే. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి కలుపు. బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్చూ అక్కర్లేదు. ఎండే దానికి స్విచ్చు. ఎండొస్తే తిరుగుతుంది, మబ్బొస్తే ఆగుతుంది. రాత్రిళ్ళ కోసం బ్యాటరీ నేను వచ్చినప్పుడు తెచ్చి పెడతాను.

ఒకే ఒక్క జాగ్రత్త. పలక వెనకాల నల్ల డబ్బా ఒకటుంటుంది. దాన్ని మాత్రం తెరవకు. తెరిస్తే షాకు కొడుతుంది. నీకు చేతులు ఉన్నవే రెండు, అవీ ఎడమవే.

నీ బావమరిది

*

మిషను గది నుంచి,
సాయంత్రం

ఒరేయ్ ఇంజినీరూ,

నీ యంత్రం తిరగలేదు. ఫ్యాను నా మొహంలోకి చూస్తోంది, నేను దాని మొహంలోకి చూస్తున్నాను. ఇద్దరం కదలం.

నువ్వు చెప్పినట్టే చేశాను. పలకని హారన్ అన్నా నేనూ కలిసి పైకెక్కించాం. ఆయన నిచ్చెన పట్టుకుంటానని చెప్పి బీడీ ముట్టించుకున్నాడు, నేను రేకుల మీద నుంచి వేలాడాను. మీ అక్క లోపల నుంచి, "ఆయన పడితే నా మీద పడతారు, కాస్త పక్కకి జరపండి" అని ఆజ్ఞలు. వైర్లు ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి గట్టిగా ముడేశాను. ముడి ఊడకుండా కోటు గుండీలకి వాడే దారంతో చుట్టి కుట్టేశాను కూడా. ఇద్దరు పట్టుకుని లాగినా రాదు. పలక అద్దం మీద దుమ్ము పడకూడదని మందపాటి గుడ్డతో ముసుగు కూడా కుట్టాను. అంచులకి పైపింగు, ఒక పక్కన జిప్పు. వీధిలో అందరూ మెచ్చుకున్నారు.

అయినా తిరగలేదు. ఏం లోపమో రాయి. నా చెయ్యి భుజం దగ్గర లాగేస్తోంది. అది చూసి మీ అక్క నిద్ర నటిస్తోంది, విసరడం ఆపుతానని. నిద్రపోయే మనిషి గొంతులో ఆ కూత ఉండదు కదా, నాకు తెలియదా!

మీ బావ

*

పంపుహౌసు,
గట్టు మీద గది

బావా,

ఏమనాలి నిన్ను! సోలార్ పలకకి ముసుగేసిన మగాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. అది ఎండ తినే వస్తువయ్యా మహానుభావా. నోటికి గుడ్డ కట్టి అన్నం పెడితే ఎలా తింటుంది? ముసుగు తీసెయ్. పైపింగూ జిప్పూ బాగున్నాయని అక్కతో చెప్పి దాచుకో.

ఇంకోటి. వైర్లని తోలుతోనే ముడేశావు, అవునా? పైన ప్లాస్టిక్ తోలు ఒలిచి, లోపల రాగి తీగ బయటికి తియ్యాలి. ఆ తీగలు రెండూ పెనవెయ్యాలి. నీ కత్తెరతో కాదు, తీగ తెగిపోతుంది. బ్లేడుతో మెల్లగా చుట్టూ గీసి లాగు. కలిపాక నీ దారం ఎంతైనా చుట్టుకో, కాదనను.

తిరగ్గానే రాయి. అక్క ఏమందో అక్షరం పొల్లుపోకుండా రాయి.

నీ బావమరిది

*

మిషను గది నుంచి,
పొద్దెక్కాక

ఒరేయ్, తిరిగిందిరా!

ముందు వెనక్కి తిరిగింది. తోలు ఒలిచే హడావిడిలో ఎర్రదీ నల్లదీ మార్చి కలిపినట్టున్నాను. మీ అక్క, "ఇదేంటండీ, నా మొహం మీది గాలి కూడా ఇదే లాక్కుంటోంది, మీ తమ్ముళ్ళలా ఉంది" అంది. నాకు తమ్ముళ్ళు లేకపోయినా ఎత్తిపొడుపుకి లోటు లేదు. మార్చి కలిపాను. అబ్బ, ఆ గాలి! పెద్ద గాలేం కాదు, ఒక మనిషి దగ్గర కూచుని ఊదినంత. నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి. మీ అక్క కళ్ళు మూసుకుంది. కాసేపటికి భుజాలు ఎగరడం తగ్గింది. చాలా నెలల తర్వాత పగటిపూట నిద్రపోయింది, నటన కాదు, నోరు తెరుచుకుని. నేను మిషను తొక్కితే లేస్తుందేమోనని పని మానేసి చూస్తూ కూచున్నాను. ఏడుపొచ్చింది. నీతో చెప్పడానికి సిగ్గేం లేదు.

అక్షరం పొల్లుపోకుండా రాయమన్నావుగా. లేచాక ఏమందంటే, "వాడి దగ్గర నీళ్ళ మీద నుంచి వచ్చే గాలి ఇలాగే ఉంటుందేమో" అంది.

మబ్బు వస్తే ఫ్యాను ఆగిపోతుంది. అప్పుడు ఇద్దరం పైకి చూస్తాం. "నీ తమ్ముడు కునుకు తీస్తున్నాడు" అంటాను. మబ్బు తొలగగానే దానంతటదే తిరుగుతుంది. "అదిగో లేచాడు" అంటుంది. అలా నీ పేరు మీద మా కాలక్షేపం జరుగుతోంది.

నువ్వు ఒక్కసారి వచ్చిపో. బ్యాటరీ తేలేకపోయినా సరే, చేతులు ఊపుకుంటూ రా. నిన్ను చూస్తే దానికి సగం రోగం దిగుతుంది.

మీ బావ

*

మంచం మీద నుంచి

తమ్ముడూ,

ఇది నేనే రాస్తున్నాను. మీ బావ కాగితం కింద అట్ట పట్టుకున్నారు. ఒక ముక్క రాసి, కాసేపు ఆగి, మళ్ళీ రాస్తున్నాను.

నిన్న గాలివానకి పలక ఇటుకల మీద నుంచి జారింది. వైరు మొదలంటా ఊడొచ్చింది. నల్ల డబ్బా తెరవొద్దని నువ్వు రాశావని మీ బావ భయపడ్డారు. ఎండ లేనప్పుడు షాకేంటి, తెరవండి అన్నాను. పలకని కిందికి దించి నా మంచం మీదే పెట్టి తెరిచారు. అందులోంచి తెల్లటి పొడి నా దుప్పటి మీద పడింది.

దుమ్మే అని ఆయన దులపబోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ మధ్య నలిపాను. మెత్తగా, పిండిలా జారింది. నాలుక చివర పెట్టుకున్నాను. పంటి కింద కరకరమంది. నాన్నా, ఈ పొడిని నేను ఎన్నేళ్ళు తిన్నానురా! నా చీరల్లో, నా జుట్టులో, నా అన్నంలో ఉండేది ఇదే. నాకు తెలియదా!

అద్దం కడిగి పంపావు. అంచులు తుడిచి పంపావు. డబ్బా లోపల తుడవడం మర్చిపోయావు. నీళ్ళ గట్టు మీద ఉన్న పలకలోకి పలుగురాయి పిండి ఎలా వచ్చిందో నాకు చెప్పొద్దు. మళ్ళీ ఒక అబద్ధం వినే ఓపిక నాకు లేదు.

నా నెత్తి మీద చెయ్యి పెట్టావు. ఆ చెయ్యే ఇప్పుడు ఆ సంచులు పడుతోందా? నీ ఊపిరి అక్కడ ధారపోసి నాకు ఇక్కడ గాలి పంపుతావా? అలాంటి గాలి నాకొద్దు.

నువ్వు ఆ మిల్లు వదిలి ఇంటికి వచ్చేదాకా ఈ ఫ్యాను తిరగదు. మీ బావతో ఒట్టు వేయించుకున్నాను. ఆయన నీలాంటివారు కాదు.

అక్క

*

మిషను గది నుంచి

ఒరేయ్,

దాని ఉత్తరం చదివావు కదా. అది చెప్పనివి నేను చెబుతున్నాను.

వైరు మళ్ళీ బిగించాను, పలక పైకెక్కించాను. నేను కుట్టిన ముసుగు ఉంది చూడు, దాన్ని మీ అక్క పలక మీద వేయించింది. జిప్పు పెట్టేదాకా ఊరుకోలేదు. నువ్వూ నేనూ నవ్వుకున్న ముసుగు ఇది. పైన ఎండ మండిపోతోంది. కింద మీ అక్క చేప కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. నేను అట్టతో విసరబోతే ఆ చెయ్యి కూడా నెట్టేస్తోంది. "మీరు పని చేసుకోండి, నాకేం కాలేదు" అంటుంది. పక్కింటి పిన్ని కేకలకి కూడా జవాబివ్వడం లేదు.

హారన్ అన్నని నిలదీశాను. "ఇసుక లోడని చెప్పావు, టార్పాలిన్ కింద ఏం మోస్తున్నావయ్యా" అన్నాను. తల వంచుకుని, "వాడు నాతోనూ ఒట్టు వేయించుకున్నాడు" అన్నాడు. ఇన్ని ఒట్లేంట్రా మనకి! ఒక్క మనిషి ఊపిరి నిలబెట్టలేని ఒట్లు.

నీకు దండం పెడతాను. అక్కడేముందో, ఎందుకు చేరావో నేనడగను. వచ్చెయ్. దానితో వాదించి గెలిచినవాడు మన ఇంట్లో ఎవడూ లేడు, నీకు తెలుసు.

మీ బావ

*

పలుగురాయి మిల్లు,
సంచుల షెడ్డు వెనక

బావా,

పైన ఉన్న చిరునామా మొదటిసారి నిజం రాశాను.

పంపుహౌసు పని పోయి చాలా కాలమైంది. అక్కడ మనుషులతో పని లేని మోటార్లు పెట్టారు. అక్క ఆయాసానికి పీల్చే మందు గొట్టం అప్పటికి అయిపోవస్తోంది, కొత్తది కొనిపంపాలి. ఎక్కడా పని దొరకలేదు. ఇక్కడ మోటార్లు చూసుకునేవాడు కావాలన్నారు. మోటార్లే కదా, పొడి దగ్గరికి వెళ్ళక్కర్లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత సంచులు పట్టేవాళ్ళు ఒక్కొక్కళ్ళే రావడం మానేశారు. ఎందుకు మానేశారో నీకు చెప్పక్కర్లేదు. మేస్త్రీ, "వాళ్ళొచ్చేదాకా నువ్వు నిలబడు" అన్నాడు. అలా నిలబడ్డవాణ్ణి, ఇంకా నిలబడే ఉన్నాను. మూతికి కట్టుకోవడానికి ఒక గుడ్డ ఇచ్చారు. నీ ముసుగే నయం, దానికి పైపింగైనా ఉంది.

ఇంకో అబద్ధం కూడా చెప్పేస్తాను. ఇక్కడ సిగ్నలు ఉంది. గుట్ట ఎక్కితే బ్రహ్మాండంగా వస్తుంది. ఫోన్ చేస్తే మీకు నా దగ్గు వినిపిస్తుందని చెయ్యలేదు. ఉత్తరం దగ్గదు కదా. నాలుగు ముక్కలు రాయడానికి నేనెన్నిసార్లు ఆగినా మీకు తెలియదు. అక్క ఉత్తరంలో "కాసేపు ఆగి, మళ్ళీ రాస్తున్నాను" అని చదివి, నేనూ అలాగే రాస్తున్నానని అప్పుడు తట్టింది.

రమ్మంటున్నావు. ఎలా రాను బావా? నేను ఆ గదిలో ఒక్కసారి దగ్గితే చాలు, అక్కకి అంతా అర్థమైపోతుంది. ఆ దగ్గు ఏ మెట్టు మీద ఉందో డాక్టరు కంటే తనకే బాగా తెలుసు. అది విన్న రోజే అక్క పోతుంది. నా చేతులతో చంపుకున్నట్టు అవుతుంది. దానికన్నా దూరంగా ఉండి తిట్లు తినడం మేలు.

దీంతోపాటు ఇంకో కాగితం మడిచి పెట్టాను. అది అక్కకి చదివి వినిపించు. నేను మిల్లు మానేశాననీ, గట్టు మీదికే వెళ్ళిపోయాననీ రాశాను. నీ నోటితో చదివితే నమ్ముతుంది. నమ్మితే ముసుగు తీయనిస్తుంది. నీకు అబద్ధం చెప్పడం చేతకాదని తెలుసు. ఈ ఒక్కటీ నేర్చుకో, నా కోసం కాదు.

నీ బావమరిది

*

(మడిచి పెట్టిన కాగితం)

పంపుహౌసు,
గట్టు మీద గది

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. మిల్లు వదిలేశాను. మళ్ళీ గట్టు మీదికే వచ్చేశాను. పాత మోటార్లు బాగు చెయ్యడానికి నన్నే పిలిచారు. ఇక్కడ గాలి చల్లగా ఉంది. నా ఒంట్లో బాగుంది, నీ మీదొట్టు. ఇంక ఫ్యాను తిరగనివ్వు. బావ భుజం నొప్పి అంటున్నాడు, ఆయన మీదైనా జాలి పడు.

నీ తమ్ముడు

*

మిషను గది నుంచి

ఒరేయ్,

మీ అక్క పోయింది.

ఈ మాట తిప్పి తిప్పి రాయడం నాకు రాలేదు. జరిగింది వరసగా రాస్తాను, చదువు.

నువ్వు మడిచి పెట్టిన కాగితం చదివాను. గొంతు తడబడకుండా, రోజూ పేపరు చదివినట్టే చదివాను. చివరిదాకా విన్నది. నా వంక కాదు, గుమ్మం వంక చూస్తూ విన్నది. తర్వాత, "మిల్లు మానేసినవాడు ఇంటికి రావాలి కదండీ, ఉత్తరం ఎందుకొచ్చింది?" అంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఉత్తరం వచ్చిందంటే వాడు రానట్టే. వచ్చేవాడికి ఉత్తరంతో పనేముంది?" అని అటు తిరిగి పడుకుంది.

రెండు రోజులు ఆగాను. ఇక ఆగలేకపోయాను. నా ఒట్టు మట్టిలో కలవనీ అని నిచ్చెనెక్కి ముసుగు చించేశాను. జిప్పు తీసే ఓపిక కూడా లేదు, చించే పారేశాను. దిగి వచ్చేసరికి ఫ్యాను తిరుగుతోంది. మీ అక్క మొహం గోడకి తిప్పేసుకుంది. ఫ్యానుని అటువైపు మార్చాను. ఇటు తిప్పుకుంది. మాట్లాడే శక్తి లేదు, తల తిప్పే శక్తి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో! "తీసుకోవే, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ గాలి తీసుకో" అని ఏడ్చాను. నా చెంప నిమిరింది. గాలి మాత్రం తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పోయింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

నీ నంబరుకి చేశాను. గుట్ట మీద సిగ్నలు ఉందన్నావుగా. మోగింది. ఆగకుండా మోగింది. నువ్వు ఎత్తలేదు. మిల్లు ఆఫీసుకి చేస్తే, షెడ్డులో ఉన్నాడు, తర్వాత చెయ్యండి అన్నారు. తర్వాత ఎవరూ ఎత్తలేదు. హారన్ అన్న లారీ రిపేరుకొచ్చి మెకానిక్ దగ్గర పడుంది. నిన్ను తీసుకురావడానికి మనిషిని పంపే దారి లేక, నువ్వు లేకుండానే అన్నీ చేసేశాను. మీ అక్కని ఆఖరిసారి చూసుకునే హక్కు నీకుంది, నేనది నిలబెట్టలేకపోయాను. నాకు నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. అది నువ్వు ఎదురుగా ఉంటే తిట్టుకునే కోపం. ఉత్తరంలో తిడితే తీరదు.

ఇప్పుడిక నీ దగ్గు విని పోవడానికి ఆవిడ లేదు. నీకు అక్కడ నిలబడటానికి ఇంక ఏ సాకూ లేదు. మందు గొట్టం కూడా అక్కర్లేదు, సగం మిగిలే ఉంది.

ఒక్క పని ఉంది. ఈ ఫ్యాను ఆపడం ఎలాగో నాకు తెలియడం లేదు. పొద్దున ఎండ రేకుల మీదికి రాగానే దానంతటదే మొదలుపెడుతుంది. ఖాళీ మంచం మీద దుప్పటి అంచు కదులుతుంది. నేను మిషను దగ్గర తల వంచుకుని కుడుతుంటాను, ఆ కదలిక కంటికి తగిలి ఆవిడే అనుకుని లేస్తాను. వైరు తెంచుదామంటే చెయ్యి రాదు. అది ఆవిడ ఎదురుగా నేను వేసిన ముడి. స్విచ్చు అక్కర్లేదన్నావు నువ్వు. కావాలిరా. వచ్చి ఒక స్విచ్చు పెట్టు.

దీనికి జవాబు రాయకు. మీ అక్క అన్నది గుర్తు పెట్టుకో. ఉత్తరం వచ్చిందంటే నువ్వు రానట్టే.

మీ బావ

*

(తలుపుకి గుచ్చిన చీటీ)

ఒరేయ్, ఒకవేళ నేను లేనప్పుడు వస్తే. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. రోజూ వెళ్ళేముందు ఇది గుచ్చి వెళుతున్నాను. తాళం పక్కింటి పిన్ని దగ్గర ఉంది. స్విచ్చు కొని మిషను సొరుగులో పెట్టాను. కుండలో నీళ్ళున్నాయి. ఎక్కడికీ పోకు.

*

(అదే చీటీ వెనకవైపు)

బావా,

వచ్చాను. నువ్వు వచ్చేసరికి నిద్రలో ఉంటానేమో, లేపకుండా ఇది చదువు.

నువ్వు చేసిన ఫోన్ చూశాను. గుట్ట మీదే ఉన్నాను, చేతిలోనే మోగింది. దగ్గు ఆగగానే ఎత్తుదామనుకున్నాను. ఆగేసరికి మోగడం ఆగిపోయింది. తిరిగి చేస్తే నా దగ్గు అక్క చెవిన పడుతుందని చెయ్యలేదు.

పిన్ని ఇంట్లో లేదు. ఈ చీటీ చూపిస్తే తాళం వాళ్ళాయన ఇచ్చాడు, నన్ను గుర్తుపట్టలేదు. తలుపు తీసి లోపలికి రాగానే దగ్గొచ్చింది, మంచం పట్టుకుని కూచున్నాను. ఈలోగా పిన్ని ఇంటికి వచ్చినట్టుంది. గోడ అవతల నుంచి, "అమ్మాయ్, మంచినీళ్ళు తాగవే!" అని కేకేసింది. వెంటనే ఏదో గిన్నె కింద పడిన చప్పుడు. తర్వాత ఆవిడ ఏడుపు వినిపించింది.

నీళ్ళు తాగాను.

స్విచ్చు పెట్టాను. పైకి నొక్కితే ఆగుతుంది, కిందికి నొక్కితే తిరుగుతుంది. నీ ముడి విప్పలేదు, దాని పక్కన వైరు తెంచి స్విచ్చు మధ్యలో కలిపాను. ఒకసారి ఆపి చూశాను, పని చేస్తోంది. మళ్ళీ వేసేశాను బావా. గాలి బాగుంది. ఎండ ఉన్నంతసేపూ దీని కింద పడుకుంటాను.